గుల్లసున్నం గోడలు

ఆ గుడికి శంకుస్థాపన రాయి లేదు. నెల్లూరు తీరంలో, బకింగ్‌హాం కాలవకి పడమటి గట్టున, రాత్రిపూట సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఒక చిన్న పాలెంలో ఉందది. 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఒకే ఒక్క గది. గోడలు రెండడుగుల మందం. అటు మూడు, ఇటు మూడు చిన్న కిటికీలు, పడమట ఒక వాకిలి. అన్నిటి మీదా అర్ధచంద్రాకారపు ఇటుక కమానులు. తూర్పు గోడలో, బల్లకి వెనక, మనిషి నిలబడగలిగినంత గూడు. దాని మీదా అదే కమాను. పైన తాటి దూలాలు, వాసాలు, పెంకులు. గోపురం లేదు. గంట అంటే వాకిట్లో వేపచెట్టుకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. గోడ మీద ఎవరి పేరూ లేదు గాని, సీలింగ్ ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపూ అవి కనిపించవు. కరెంటు పోయినప్పుడు తీరిగ్గా చదువుకోవచ్చు. మూడు ఫ్యాన్ల మీదా మగవాళ్ళ పేర్లే.

అది మా నాయనమ్మ పుట్టిన పాలెం. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, గోడల గురించీ కమానుల గురించీ ఎందుకు రాస్తున్నానంటే ఒక మాట వల్ల. ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పే స్నేహితురాలు ఒకామె నేను తీసిన ఫొటోలు చూసి, "ఇదేంటి, రోమనెస్క్ పల్లెటూరి చర్చిలా ఉందే!" అంది. మాలపాలేల్లోని గుళ్ళకి కూడా శైలి అనేది ఒకటుంటుందని అంతవరకూ నాతో ఎవరూ అనలేదు. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

పదో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం దాకా పడమటి యూరప్‌లో లేచిన కట్టడాలని రోమనెస్క్ అంటారు. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, గుండ్రటి కమానులు. ఈ మూడూ ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చినవే. కమాను తన మీద పడ్డ బరువుని కిందికే కాదు, పక్కలకి కూడా తోస్తుంది. ఆ తోపుని ఆపాలంటే గోడ లావుగా ఉండాలి. లావుపాటి గోడలో పెద్ద కిటికీ పెడితే బలం పోతుంది. అందుకే లోపల అంత చీకటి, అంత చల్లదనం. ఆ గుళ్ళు కట్టినవాళ్ళకి 'రోమనెస్క్' అనే మాటే తెలియదు. 1818లో ఫ్రాన్సులో ద జెర్విల్ అనే పండితుడు, 1819లో ఇంగ్లండులో విలియం గన్ అనే మతాధికారి ఏడెనిమిది వందల ఏళ్ళ తర్వాత ఆ పేరు పెట్టారు. కట్టినవాళ్ళకి తెలియని పేరుతో కట్టడాన్ని పిలవడం చరిత్రకారులకి మామూలే కాబట్టి, మా పాలెం గుడిని కూడా కాసేపు అలా పిలవడంలో తప్పు లేదనుకున్నాను.

స్పెయిన్‌లో, కతలోనియా కొండల మధ్య బోయి లోయ అని ఒకటుంది. అక్కడి చిన్న చిన్న రోమనెస్క్ గుళ్ళని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. వాటిలో తవుల్ అనే ఊళ్ళోని సాన్ క్లిమెంత్ గుడిని 1123 డిసెంబరు 10న ప్రతిష్ఠించారు. ఆ తేదీ, ప్రతిష్ఠ చేసిన బిషప్ పేరు అక్కడి స్తంభం మీదే రాసి ఉన్నాయి. గోడల మీది బొమ్మలు వేసిన మనిషి పేరు మాత్రం లేదు. అయినా కళాచరిత్ర అతన్ని వదిలిపెట్టలేదు. 'తవుల్ మాస్టర్' అని బిరుదిచ్చి గౌరవించింది. 1919కీ 1923కీ మధ్య ఆ లోయలోని బొమ్మలని గోడల నుంచి ఒలిచి బార్సిలోనాకి తీసుకుపోయి మ్యూజియంలో పెట్టారు. అదే స్పెయిన్‌లో, అంతకు నూటయాభై ఏళ్ళ ముందు, 975లో పూర్తయిన ఒక చేతిరాత గ్రంథం ఉంది. ఇప్పుడది గిరోనాలో ఉంది. దాని చివర ఎండె అనే స్త్రీ పేరు, చిత్రకారిణిగా, స్పష్టంగా ఉంది. యూరప్‌లో తన పనికింద పేరు మిగిల్చుకున్న తొలి చిత్రకారిణుల్లో ఆమె ఒకరు. పేరు లేని మగవాడు మాస్టర్ అయ్యాడు. పేరు లేని ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఆ పనిలో ఆడవాళ్ళే లేరని అనుకోవడం అలవాటైపోయింది. ఎండె సంతకం మిగిలింది కాబట్టి ఆ అలవాటు తప్పని రుజువైంది.

ఇక మా తీరానికొస్తాను. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. ఎన్నేళ్ళయినా చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో నెల్లూరు మిషన్ మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మ్యాపు మీద ఒంటరి నక్షత్రంలా ఉందన్న మాట నుంచి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రే ఒక పద్యం రాశాడు. మిషన్ నిలిచింది, 'లోన్‌స్టార్' అన్న పేరు దానికి అంటుకుపోయింది. సరిగ్గా అదే ఏడాది, 1853లో, అమెరికాలోని కాంగ్రిగేషనల్ సంఘాలు చర్చిల నమూనాల పుస్తకం ఒకటి అచ్చువేశాయి. అందులో గుండ్రటి కమానుల నమూనాలకే పెద్దపీట. మొనదేలిన గోథిక్ కమానుల్లో వాళ్ళకి కేథలిక్కుల, ఆంగ్లికన్ల వాసన తగిలేది. గుండ్రటి కమాను సాదాగా ఉంటుంది, చవకగా అవుతుంది.

ఆ చవకతనం సంగతి మా పాలెంలో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. గుండ్రటి కమానుకి ఒక మేకు, ఒక తాడు చాలు. మధ్యలో మేకు కొట్టి, తాడు తిప్పి గీత గీస్తే అర్ధచంద్రుడు వచ్చేస్తాడు. దాని కింద మట్టితో, ఇటుక ముక్కలతో దిమ్మె కట్టి, పైన ఇటుకలు పేర్చి, సున్నం ఆరాక దిమ్మె పీకేస్తారు. బేల్దారికి ప్లాను కాగితం అక్కర్లేదు. ఊళ్ళో ఉన్న దేవాలయం పద్ధతి వేరు. అక్కడ రాతి స్తంభం మీద రాతి దూలం. ఆ రాయి దొరకాలి, చెక్కే శిల్పి దొరకాలి, దానికి మాన్యాలుండాలి. అన్నిటికీ ముందు లోపలికి రానివ్వాలి. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. పాలెం వాళ్ళు ఇటుకతో కమాను తిప్పుకున్నారంటే అందులో అభిరుచి కంటే అవసరం పాలు ఎక్కువ.

సున్నం సంగతి నాకు చెప్పింది నాయనమ్మ వరసయ్యే ఒక అవ్వ. గుల్లసున్నం. కాలవలోనూ ఉప్పుటేర్లలోనూ ఏరిన గుల్లని బట్టీలో కాల్చి, నీళ్ళుపోసి విరిచి, ఇసకతో కలిపి ఎద్దుల గానుగలో తిప్పాలి. పూతకయితే కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపాలి. గుల్ల ఏరింది ఆడవాళ్ళు. తట్టల్లో మోసింది ఆడవాళ్ళు. గానుగలోంచి సున్నం ఎత్తి బేల్దారికి అందించింది ఆడవాళ్ళు. అవ్వ అత్తగారికి ఆ పనిలో వేళ్ళ సందులు ఒరుసుకుపోయి, అన్నం కలుపుకోలేక గరిటెతో తినేదట. "వాళ్ళ పేర్లు యాడన్నా రాశారా అవ్వా?" అనడిగాను. "కూలోళ్ళ పేర్లు రాసేదానికి రాయి చాలద్దా పాపా?" అని నవ్వింది.

మిషన్ చరిత్రలో ఆడవాళ్ళు లేరనడానికి వీల్లేదు. తెలుగు బాప్టిస్టులకి పుణ్యస్థలమైన ఒంగోలు ప్రార్థన కొండ కథే చూడండి. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆ కొండెక్కి ప్రార్థించినవాళ్ళు అయిదుగురు: లైమన్ జువెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు తెలుగువాళ్ళు. అయినా మా చిన్నప్పుడు సండేస్కూల్లో ఆ కథ 'జువెట్ దొరగారు కొండెక్కిన కథ'గానే చెప్పేవాళ్ళు.

ఇక్కడే ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గుర్తొస్తుంది. 1882లో ఒంగోలుకి మిషనరీగా వచ్చిన మనిషి. తర్వాత స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకుంది. ఆ పుస్తకం 1898లో అచ్చయింది. మరుసటి ఏడాది, 1899లో, 'వైల్ సోయింగ్ శాండల్స్' అన్న పేరుతో మాదిగల మౌఖిక కథల్ని, మాతంగి సంప్రదాయాన్ని పుస్తకంగా తెచ్చింది. స్త్రీల హక్కుల మీద తొలి గ్రంథాల్లో ఒకదాన్ని రాసిన రచయిత్రి మీద పట్టా పుచ్చుకున్న మనిషి, మా తీరప్రాంతపు మాదిగపల్లెల్లో కూర్చుని కథలు వింది. పేరులోనే చెప్పులు కుట్టే పని ఉండటం నాకిష్టం. పని చేస్తూ చెప్పుకున్న కథలవి. కానీ 1914లో ఆమె భర్త జాన్ క్లౌ జీవితకథ వచ్చినప్పుడు రచయితగా అట్ట మీద ఆయన పేరే ఉంది. ఆమె పేరు 'ఆయన కోసం రాసిపెట్టిన భార్య'గా ఉంది. పట్టా ఉన్న తెల్లావిడ పరిస్థితే అది. సున్నం తట్ట మోసినావిడ పేరు ఎక్కడ వెతకాలి?

గుడి పక్కనున్న కాలవకీ ఇలాంటి కథే ఉంది. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కరువు పనిగా సాగింది. పని చోట మాదిగలు పడే బాధలు చూసి క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె ప్రతి మిషన్ చరిత్రలోనూ కనిపిస్తుంది. మట్టితట్టల లెక్క ఎందులోనూ ఉండదు. పాలెంలో ఇప్పటికీ కాలవని 'కరువు కాలవ' అంటారు. మా వాళ్ళకి దాన్ని ఎవరు తవ్వించారన్నది కాదు, ఏం తిని తవ్వారన్నదే గుర్తు.

పేర్ల గురించి ఇంత మాట్లాడుతూ పాలెం పేరు మాత్రం నేను చెప్పలేదని మీరు గమనించే ఉంటారు. చెప్పను కూడా. కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువులు కానివాళ్ళు షెడ్యూల్డు కులస్థులు కాబోరని ఆ ఉత్తర్వు మూడో పేరా అంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ అందులో చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఈ విషయం పరిశీలించమని 2022లో కేంద్రం ఒక కమిషన్ వేసింది. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకి ఉన్నది బీసీ-సి, ఒక్క శాతం. అంటే, ఆదివారం గుళ్ళో కూర్చున్నందుకు ఊళ్ళో కులం పోదు గాని, కాగితం మీద కులం పోతుంది.

మా ఇంట్లోనే చూడండి. మా నాన్న బీసీ-సి కాగితంతో చదివాడు, నేనూ అదే కాగితంతో చదివాను. మా చిన్నాన్న కాగితం వేరు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే గుళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్న అన్నదమ్ములు. ఎవరిది న్యాయం అని తీర్పు చెప్పే స్థితిలో నేను లేను, చెప్పమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదనుకుంటాను. పాలెంలో చాలామంది ఆడవాళ్ళకి రెండేసి పేర్లు. గుళ్ళో రూతు, ఎస్తేరు, మార్త. రేషన్ కార్డులో, పనికార్డులో ఇంకొకటి. వాళ్ళని పిలిచేటప్పుడు ఎవరూ తడబడరు. రాసేటప్పుడే తడబాటంతా.

ఇప్పుడు దీన్నంతా ఆ గుడి చరిత్ర రాయడానికి తెచ్చి చూడండి. వారసత్వ కట్టడంగా గుర్తించమని ఎవరైనా అర్జీ పెట్టాలంటే ముందు అడిగేవి నాలుగు: ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, స్థలం ఎవరిది, ఇప్పుడు ఎవరి అధీనంలో ఉంది. ఆ నాలుగో ప్రశ్నకి జవాబుగా పాలెం ఆడవాళ్ళు సంతకాలు చేస్తే, ఆ సంతకం వాళ్ళ పిల్లల హాస్టలు సీటు మీద, స్కాలర్‌షిప్ మీద పడుతుంది. నా స్నేహితురాలికి ఇది చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా క్లాసులో కట్టడానికి ప్లాను, సెక్షన్, ఎలివేషన్ గీయమంటాం. ఇది ఎందులో గీయాలి?" అంది.

నాకు దొరికిన దారి ఒకటే. కట్టినవాళ్ళతో కాక నిలబెట్టినవాళ్ళతో ఆ గుడి చరిత్ర మొదలుపెట్టడం. కట్టడం ఒక ఏడాది పని. నిలబెట్టడం ప్రతి ఏడాదీ ఉంటుంది. అవ్వ లెక్కలో గుడి చరిత్ర తుఫానుల వరసలో నడుస్తుంది. ముందు తాటాకు కప్పు. అది ఎన్నిసార్లు లేచిపోయిందో. తర్వాత పెంకులు. వాటిని మంగుళూరు పెంకులంటారు, మా వైపు బెంగుళూరు పెంకులంటారు. అవి కూడా ఒక మిషన్ సరుకే: 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీతో వాటి పరిశ్రమ మొదలైంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానుకి సగం పెంకులు పోయాయి. స్త్రీల సమాజం వాళ్ళు పిడికిలి బియ్యం పోగుచేసి, అమ్మి, రెండేళ్ళకి మళ్ళీ కప్పించారు. 2004 డిసెంబరు 26 ఆదివారం. ముందురోజు పండగకి కట్టిన రంగుకాగితాలు ఇంకా తీయలేదు. సముద్రం పైకొచ్చిందని పట్టపుపాలెం వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కాలవ దాటి పరిగెత్తుకొచ్చి గుళ్ళో కూర్చున్నారు. అంతకుముందు ఎన్నడూ మాలపాలెంలో మంచినీళ్ళు ముట్టని ఇళ్ళవాళ్ళు ఆ రోజు ఇక్కడ వండిన గంజి తాగారు. ఆ గంజి కాచినావిడే ఇప్పుడు సమాజానికి పెద్ద.

ఏటా డిసెంబరు మొదటి వారంలో గోడలకి సున్నం వేసేది కూడా వాళ్ళే. ఆ పనికి కూలి లేదు. ఒక్కో కమాను కింద ఒక్కో ఇంటి ఆడవాళ్ళు వేస్తారు, తల్లి తర్వాత కోడలు, కోడలి తర్వాత మనవరాలు. ఏ కమాను ఎవరిదో పిల్లలకి కూడా తెలుసు. ఆ గుడికి సంబంధించి నాకు తెలిసిన ఏకైక రికార్డు అదే. ఇంత పొర మీద పొరగా ఉన్న సున్నం కిందే ఆ ఇటుక బతికింది. గుల్లసున్నం ఊపిరి పీలుస్తుంది. గోడలోకి ఎక్కిన చెమ్మని బయటికి వదిలేస్తుంది. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చి నేలలో ఉప్పు పెరిగాక ఆ గోడలు ఇంకా నిలిచి ఉన్నాయంటే కారణం అదే.

ఇప్పుడొచ్చిన చిక్కు ఇది. సమాజం వాళ్ళు పెంకులు తీసేసి స్లాబు వేద్దామంటున్నారు. స్నేహితురాలు వద్దే వద్దంది. రెండడుగుల మందమైనా సున్నపు గోడ మీద కాంక్రీటు బరువు మంచిది కాదనీ, సముద్రపు గాలికి స్లాబులో ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుందనీ, గోడకి సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి ఇటుక పొడి అయిపోతుందనీ చెప్పింది. ఇవన్నీ నిజాలే. నేను వెళ్ళి సమాజం మీటింగులో కూర్చుని ఒక్కొక్కటీ తెలుగులో చెప్పాను. అందరూ ఓపిగ్గా విన్నారు. చివర్లో పెద్దామె అంది: "అంతా బానే ఉంది పాపా. మగోళ్ళు చూస్తే మద్రాసులోనో, గుంటల కాడో ఉంటారు. కోతులు తొక్కిన పెంకులు సర్దేదెవురు? వానొస్తే గిన్నెలు పెట్టేదెవురు? అరవై ఏళ్ళొచ్చినాయి, ఇంకా నిచ్చెన ఎక్కమంటావా? మా మోకాళ్ళు మీ ఫొటోల్లో పడవు గదా."

దీనికి నా దగ్గర జవాబు లేదు అనడం తేలిక. కానీ ఊరుకుంటే నేనూ తవుల్ బొమ్మల్ని ఒలిచి తీసుకుపోయిన మ్యూజియం వాళ్ళలాగే అవుతాను. వాళ్ళకి గోడలోని అందం కనపడింది, ఆ గోడ కింద రోజూ మోకరిల్లేవాళ్ళు ఆ లెక్కలోకి రాలేదు. గుడి అలాగే ఉండాలని కోరుకునే హక్కు నాకుంది. దాన్ని అలాగే ఉంచే పని మాత్రం నాది కాదు. ఏటా చేతులు ఒరుసుకుంటూ నిలబెట్టినవాళ్ళకి, ఇక చాలు అనే హక్కు కూడా ఉంటుంది. ఆడవాళ్ళ పనిని వారసత్వమని పొగిడి, ఆ పొగడ్తతోనే వాళ్ళని మళ్ళీ ఆ పనికి కట్టేయడం మనకి వంటింటి విషయంలో బాగా తెలిసిన సంగతే. గుడి విషయంలో మాత్రం అది వేరే సంగతి ఎందుకవుతుంది?

అందుకని మూడు లెక్కలు వేయించి తీసుకెళ్ళాను. ఒకటి, స్లాబు ఖర్చు. రెండు, తాటి దూలాలకి బదులు కొత్త దూలాలు వేసి, కింద చెక్క పరిచి, కొత్త పెంకులు బిగించే ఖర్చు. అలా చేస్తే కోతులు తొక్కినా పెంకులు జారవు, నిచ్చెన పని చాలా తగ్గుతుంది. మూడు, ఏటా పెంకులు చూసి సర్దే మనిషికి కూలి. ఇన్నేళ్ళూ ఊరికే జరిగిన పనికి మొదటిసారి కూలి ఎంతని లెక్క కట్టినప్పుడు సమాజంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకావిడ వేళ్ళమీద వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తనెన్నేళ్ళు సున్నం వేసింది, అత్త ఎన్నేళ్ళు, రోజుకెంత. అందరూ నవ్వారు గాని, ఆమె లెక్క ఆపలేదు.

నిర్ణయం పండగ అయ్యాక జరిగే మీటింగులో తీసుకుంటారు. ఓటు సమాజంలో ఉన్న 31 మందికి మాత్రమే. నాకు లేదు. స్నేహితురాలు మాత్రం ఈలోగా గుడిని కొలిచి బొమ్మ గీస్తోంది. కమానుల మీద అంకెలు వేసే చోట ఇంటిపేర్లు రాద్దామా అంది. వద్దన్నాను. అంకెలే వేసింది: ఒకటి నుంచి ఎనిమిది దాకా. ఏ అంకె ఎవరిదో పాలెంలో అడిగితే చెప్తారు.